ఇరవై తొమ్మిది చీమల బారులు

ఉదయం ఎనిమిది కొట్టగానే గుమాస్తా గారు వరండాలో పీట వేసుకుని బూట్లు తొడుక్కునేవారు. ముందు ఎడమది, తరవాత కుడిది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే వరస. ఒకసారి పొరపాటున కుడిది ముందు తొడిగితే, విప్పేసి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టారు. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యమైంది కానీ మనసు నిమ్మళంగా ఉంది.

కిందటి నెల ఎడమ బూటు అడుగు ఊడిపోతే, వీధి మలుపులో చెప్పులు కుట్టే అతను కొత్త అడుగు వేసి, చుట్టూ మేకులు దిగ్గొట్టి ఇచ్చాడు. ఇస్తూ, "ఒక మేకు కాస్త పొడుగు పడింది సార్, గుచ్చుకుంటే తెచ్చెయ్యండి, వంచేస్తాను" అన్నాడు. నెల గడిచినా గుచ్చుకోలేదు. "ఏం పనితనమయ్యా! దూది మీద నడిచినట్టుంది" అని గుమాస్తా గారు కనపడ్డవాళ్ళందరికీ చెప్పి, అతని దగ్గరికి మరో ముగ్గుర్ని పంపించారు కూడా.

ఆయన పన్నుల ఆఫీసులో నోటు రాసే గుమాస్తా. ఏ ఫైలు వచ్చినా దాని మంచిచెడ్డలు విచారించి, ఏం చెయ్యాలో కింద ఒక మాట రాయాలి. పైవాళ్ళు ఆ మాట కింద సంతకం పెడతారు. ఈయన మంచీ చెడ్డా బ్రహ్మాండంగా రాసేవారు కానీ, ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి కలం మొరాయించేది. "ఒకవైపు చూస్తే ఇది సబబే. అయితే..." అని మొదలుపెట్టి, ఆ అయితేకి మరో అయితే తగిలించి, పేజీ చివర చోటు లేదు కాబట్టి ఆపేవారు. ఆఫీసంతా ఆయన్ని 'అయితే గారు' అనేవాళ్ళు. ఒకప్పుడు పెరటిగోడకి ఆకుపచ్చ రంగు వెయ్యాలా పసుపు వెయ్యాలా అన్న ఫైలు ఆయన బల్ల మీదికి వచ్చింది. పదకొండు పేజీలు రాశారు. పన్నెండో పేజీలో ఉండగా వానలకి ఆ గోడే కూలిపోయింది. సమస్య తీరిందని ఫైలు మూసేశారు.

ఆ ఆఫీసు కింది అంతస్తులో ఒక పెద్ద హాలుంది. హాలు గోడలో చీమలుండేవి. ఏ సరుకులో ఎంత పంచదార ఉందో తేల్చడం వాటి పని. కొలవాల్సిన వస్తువుని బల్ల మీద పెట్టి, ముసలి బంట్రోతు కర్రతో బల్లని మూడుసార్లు తట్టేవాడు. చీమలు గోడలోంచి దిగి, చెంచాడు పంచదారకి ఒక బారు చొప్పున, బడికి వెళ్ళే పిల్లల్లా వరసగా వచ్చేవి. బంట్రోతు బారులు లెక్కపెట్టి, పైకి వినపడేలా చెప్పి, ఆ తరవాత బిగుతు మూతున్న పంచదార డబ్బాలోంచి ఒక చిటికెడు వాటి ముందు వేసి పంపేవాడు. తూకానికి రాళ్ళున్నట్టు, పొడుగుకి టేపున్నట్టు, తీపికి చీమలుండేవి. ఒకప్పుడు ఒక బిస్కెట్ల కంపెనీవాళ్ళు వాటిని మంచి చేసుకుందామని నెల్లాళ్ళపాటు బుట్టలకొద్దీ బిస్కెట్లు తెచ్చిపోశారు. చీమలు అన్నీ తిన్నాయి. నెల తిరిగాక బిస్కెట్టు పెడితే మొదట ఎన్ని బారులు వచ్చాయో అన్నే వచ్చాయి. ఆఫీసులో ఆ మాట చెప్పినప్పుడల్లా కొందరు నేల చూపులు చూసేవాళ్ళు.

ఈ లెక్కకి నియమాలు రాసింది గుమాస్తా గారే. అందులో నాలుగోది: లెక్క జరిగేటప్పుడు, కొలవవలసిన వస్తువు తప్ప, తీపి గలది మరేదీ గదిలో ఉండరాదు. అందుకని లోపలికి వెళ్ళేవాళ్ళు గుమ్మం దగ్గరే జేబులు దులుపుకోవాలి. అయితే ఆయన మాత్రం చీమల లెక్క ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. ఆయన బల్ల పై అంతస్తులో ఉంది. బంట్రోతు చీటీ పంపితే, దాన్నిబట్టి నోటు రాసేవారు. కాగితం మీద ఉన్నదాన్ని మళ్ళీ కళ్ళతో చూడడం దేనికని ఆయన ఉద్దేశం.

ఆ ఏడు ప్రభుత్వానికి ఒక ఆలోచన వచ్చింది. తియ్యటి సీసా పానీయాల మీదా, పొట్లాల్లో అమ్మే చిరుతిళ్ళ మీదా చీమల బారుల లెక్కన పన్ను వేస్తే ఎలా ఉంటుంది? జనం కాస్త తక్కువ తాగుతారు, ఆస్పత్రులు కాస్త ఖాళీ అవుతాయి. ఫైలు కదిలి కదిలి, ఎక్కడా నిలవక, అయితే గారి బల్ల మీద వాలింది. ఆయన భార్యకి బస్టాండులో కొట్టుంది. ఆ కొట్లో అమ్మేవి సీసా పానీయాలు, బిస్కెట్లు, చిప్సు పొట్లాలు. ఆవిడ తమ్ముడు పెద్దాస్పత్రిలో డాక్టరు. ఫైలు వెళ్ళడానికి ఊళ్ళో ఇంకో ఇల్లే దొరకలేదు.

డాక్టరు ప్రతి ఆదివారం అక్క ఇంటికి భోజనానికి వచ్చేవాడు.

"బావగారూ, ఆ ఫైలు మీద ఇవాళైనా ఏదో ఒకటి రాశారా?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూనే.

"రాస్తున్నాను. ఒకవైపు చూస్తే..."

"ఒక్క వైపు చూడండి చాలు. రెండో వైపు నేను చూస్తూనే ఉన్నాను, రోజూ. నిన్న ఒకడొచ్చాడు. పాతికేళ్ళు లేవు, నోట్లో పళ్ళు మాత్రం లెక్కకి తొమ్మిది. ఏం తాగుతావయ్యా అంటే రంగు సోడా అన్నాడు. మరి నీళ్ళు తాగవా అంటే, అవే కదండీ నీళ్ళు అన్నాడు."

"వాడు నా కొట్లోనే తాగాడని వచ్చి నీకు చెప్పాడా?" అంది అక్క, గరిట ఎత్తి పట్టుకుని.

"ఎవరి కొట్లో అయితేనేంటక్కా?"

"నువ్వు కార్లో వస్తావు, కార్లో పోతావు. బస్టాండుకి ఎప్పుడైనా వచ్చావట్రా? అక్కడ పంపు ఎండిపోయి మూడేళ్ళయింది. నీళ్ళ సీసా కన్నా రంగు సోడా చవక. పొద్దున్నుంచీ బస్సుల మీదికి మూటలెక్కించేవాళ్ళు, మధ్యాహ్నం ఒక సీసా, ఒక బిస్కెట్ల పొట్లం కడుపులో పడేసుకుని మళ్ళీ మూటెత్తుకుంటారు. వాళ్ళ భోజనం అదే. దాని మీద పన్నంటే వాళ్ళ ఆకలి మీద పన్నే కదా? నువ్వు తాగే కాఫీ మీద వెయ్యమను ముందు!"

"నా కాఫీలో అరచెంచా పంచదారే అక్కా."

"అందుకే నోట్లోంచి ఒక్క తియ్యటి మాట రాదు."

డాక్టరు నవ్వేసి బావగారి వైపు తిరిగాడు. "ఏదీ, చెయ్యి ఇటివ్వండి. ఒక్క చుక్క రక్తం. ఇందాకట్నుంచీ నాలుగు గ్లాసుల నీళ్ళు తాగారు, రెండుసార్లు లేచి వెళ్ళొచ్చారు. నాకేం నచ్చడం లేదు."

"ఎండలు కదా. అయితే వచ్చే వారం చూద్దాంలే."

"ఏ ఏడాది వచ్చే వారమో కూడా చెప్పండి, డైరీలో రాసుకుంటాను."

తమ్ముడు వెళ్ళాక ఆవిడ కంచాలు తీస్తూ అంది. "ఏవండీ, ఒక్క మాట. పన్ను వెయ్యమని మీరు రాస్తే నా కొట్టు మూతే. సగం అమ్మకం ఆ సీసాలదే. ఒక బల్ల, రెండు గాజు సీసాలతో మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్ళు. మీరు గట్టిగా వద్దని రాయక్కర్లేదు, అది మీ వల్ల కాదని నాకూ తెలుసు. అయితే అని రాసి అక్కడే ఆపెయ్యండి, చాలు."

గుమాస్తా గారు లేచి ఇంకో గ్లాసు నీళ్ళు తాగారు. ఆవిడకి తెలీని సంగతి ఒకటుంది. ఆవిడ సీసాలు అమ్మేదే కానీ ఒక్కటీ ఇంటి గడప దాటనిచ్చేది కాదు. "అవి అమ్ముకోడానికి, తాగడానికి కాదు" అనేది. మరి ఆయనకేమో రంగు సోడా అంటే ప్రాణం. మూత తీయగానే బుస్సుమనే ఆ చప్పుడు వింటే చాలు, ప్రపంచంలో తేలాల్సిన విషయాలేవీ లేవనిపించేది. భార్య కొట్లో తాగలేరు కాబట్టి, ఆ కొట్టు వెనకవైపున్న బట్టతలాయన కొట్లో తాగేవారు. వెళ్ళేటప్పుడు ఒకటి, మధ్యాహ్నం ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. సీసాకి వార్తాపత్రిక చుట్టి, అదేదో చదువుతున్నట్టు పైకెత్తి తాగేవారు. ఆ బట్టతలాయనతో ఆవిడకి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. తన ఫ్రిజ్జు వేడిగాలి వచ్చి ఆవిడ కొట్లోకి కొట్టేలా దాన్ని తిప్పిపెట్టాడని కోపం.

గురువారం విచారణ అన్నారు. సంగతి తేల్చే కమిటీలో ఇద్దరు పన్ను కావాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. మధ్యలో కమిషనరమ్మ ఉంది. "గుమాస్తా గారి నోటు ఎలా ఉంటే అలా సంతకం పెడతాను. ఆయన ముప్ఫై ఏళ్ళుగా రెండు వైపులా చూస్తున్నారు. ఈపాటికి ఏదో ఒకటి కనపడే ఉంటుంది" అంది ఆవిడ.

బుధవారం మధ్యాహ్నమంతా గుమాస్తా గారు కాగితం ముందు కూర్చున్నారు. ఒక బల్ల, రెండు గాజు సీసాలు కళ్ళముందు కదిలాయి. సాయంత్రం అయిదవుతుండగా, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, అయితే లేని వాక్యం ఒకటి రాశారు. "పన్ను వద్దు." రెండే మాటలు. రాశాక ఒళ్ళంతా చెమటలు పట్టాయి. తేరుకోడానికి వెళ్ళి నాలుగో సీసా తాగారు.

గురువారం పదింటికి హాలు నిండింది. గుమ్మం బయట బంట్రోతు బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి దగ్గర ఏ తీపి ఉంటే అది బుట్టలో వెయ్యాలి. డాక్టరు దగ్గర దగ్గుమందు దొరికింది. భార్య సంచిలోంచి గుప్పెడు చాక్లెట్లు రాలాయి. ఆవిడ చిన్నకొట్లవాళ్ళందరి తరఫునా మాట్లాడడానికి వచ్చింది. చెప్పాల్సినదంతా బిస్కెట్ల అట్టపెట్టె చించి, ఆ అట్టల మీద పెద్ద అక్షరాలతో రాసుకుంది. పానీయాల కంపెనీ తరఫున టై కట్టుకున్న మనిషొకడు వచ్చాడు. అతని జేబులన్నీ ఖాళీ, ఒక్క దువ్వెన తప్ప. గుమాస్తా గారు నియమం రాసిన మనిషి కాబట్టి, జేబులో మూలన అంటుకుపోయిన సగం పిప్పరమెంటుని గోటితో గీకి మరీ తీసి బుట్టలో వేశారు.

టై మనిషి బల్ల మీద కొత్త సీసా పెట్టాడు. మీద పళ్ళ బొమ్మలున్నాయి. "ఇది పానీయం కాదండీ, ఆరోగ్యం. చీటీ మీద చూడండి, నాలుగే చెంచాలు. మనిషి సంతోషం మీద పన్నేస్తారా ఎక్కడైనా?"

"సంతోషం సంగతి చీమలు చెప్తాయి. కానియ్యి" అంది కమిషనరమ్మ.

బంట్రోతు బల్లని మూడుసార్లు తట్టాడు.

చీమలు దిగాయి. బల్ల కాలు దాకా వచ్చాయి. ముందున్నవి ఒక్క క్షణం ఆగి, మీసాలు కదిపి, బల్ల ఎక్కకుండా పక్కనుంచి వెళ్ళిపోయాయి.

టై మనిషి ఎగిరి గంతేశాడు. "రాసుకోండి! సున్నా! మా సీసాలో అసలు తీపే లేదు! నాలుగు చెంచాలని మేమే పొరపాటున రాసుకున్నాం!"

బంట్రోతు అతని మాట వినిపించుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని, కర్ర పట్టుకుని, చీమల వెంట నడిచాడు. చీమలు కుర్చీల కిందుగా వెళ్ళాయి. కమిషనరమ్మ కాళ్ళు ఎత్తి దారిచ్చింది. గోడలోంచి ఒక బారు వెనక ఒక బారు దిగుతూనే ఉంది. అన్నీ వెళ్ళి హాలు చివర, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి ఎడమ బూటు చుట్టూ ఆగాయి.

బంట్రోతు లెక్కపెట్టాడు. తప్పు వచ్చిందేమోనని మళ్ళీ లెక్కపెట్టాడు. నియమం ప్రకారం పైకి చెప్పాలి. గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై తొమ్మిది చెంచాలు. అయ్యగారి ఎడమ బూటు."

బంట్రోతు వంగి, మెల్లిగా అడిగాడు. "నాలుగో నియమం ఉంది కదా అయ్యగారూ. మీరు బయటికెళ్తారా, లేకపోతే మిమ్మల్నే కొలిచినట్టు రాసుకోమంటారా?"

గుమాస్తా గారు, "ఒకవైపు చూస్తే..." అని ఆగిపోయారు.

భార్య అట్టముక్కలు చంకన పెట్టుకుని, చీమల్ని తొక్కకుండా అంగలేస్తూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎన్ని సీసాలు?"

"మూడు."

"వారానికా?"

"రోజుకి. నిన్న నాలుగు."

ఆవిడ చంకలో అట్టలు సర్దుకుంది. "ఎవరి కొట్లో?"

ఆయన జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంలోనే ఆవిడకి బట్టతల కనపడింది.

"తొమ్మిదేళ్ళు!" అంది. "తొమ్మిదేళ్ళుగా వాడి ఫ్రిజ్జు గాలి నేను భరిస్తుంటే, మీరు వెళ్ళి వాడి ఫ్రిజ్జులో సీసాలు ఖాళీ చేస్తున్నారా?"

ఈలోగా డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని, చీమల్ని అరచేత్తో సుతారంగా పక్కకి జరిపి, బూటు లాగేశాడు. మేజోడు కూడా లాగాడు. అది అడుగున పాదానికి అంటుకుపోయి ఉంది. బూటు లోపల వేలు పెట్టి తడిమి, ఆగాడు.

"బావగారూ, ఈ మేకు ఎప్పట్నుంచీ గుచ్చుకుంటోంది?"

"ఏ మేకు?" అన్నారు గుమాస్తా గారు.

డాక్టరు మొహంలో నవ్వు పోయింది. పాదాన్ని వెలుతురువైపు తిప్పి, గాయం పక్కన గోటితో గట్టిగా నొక్కాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడేంటి? మొదలుపెట్టావా?"

"అక్కా, ఇటు రా" అన్నాడు డాక్టరు మెల్లిగా. "చూడు. ఇది నెల్లాళ్ళ గాయం. ఈయనకి తెలీలేదు. తెలిసే దారిని రక్తంలోని తీపి తినేసింది. ఇంకో వారం ఇలాగే నడిచుంటే పాదం తీసెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడైతే కాపాడొచ్చు. స్పర్శ మళ్ళీ వస్తుందా అంటే మాత్రం మాటివ్వలేను."

ఆవిడ ఆ పాదాన్ని చాలాసేపు చూసింది. తరవాత చంకలో అట్టముక్కలు తీసి, ఒకదాని మీద ఒకటి సర్ది, ఖాళీ కుర్చీ మీద పెట్టి దాని మీద భర్త పాదం ఆనించింది.

"మీరు మాట్లాడాలి కదమ్మా" అంది కమిషనరమ్మ.

"మాట్లాడతాను. పన్ను వెయ్యండి."

"వద్దని చెప్పడానికి కదా వచ్చారు?"

"వచ్చాను. పొద్దున ఇంట్లోంచి వచ్చినప్పుడు ఈయన కాలు చూడలేదు. ముప్ఫై ఏళ్ళు ఒక ఇంట్లో ఉండి, ఈయన బూట్లో ఏముందో నాకు తెలీలేదు. నా కొట్టుకి రోజూ నలభైమంది మూటలు మోసేవాళ్ళొస్తారు. వాళ్ళ బూట్లు నేనెప్పుడు విప్పి చూశాను?" ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "కానీ ఒకటి. ఇవాళ పన్నేసి, పంపు అలాగే ఎండబెడితే ఊరుకోను. దాహానికి నీళ్ళు లేనిచోట సీసా ధర పెంచితే అది దోపిడీయే. నేను రాసుకొచ్చిన వాటిల్లో ఆ ఒక్క అట్ట మాత్రం అలాగే ఉంచుకోండి. ఈయన కాలి కింద ఉంది, అడుగు నుంచి రెండోది."

కమిషనరమ్మ గుమాస్తా గారి వైపు చెయ్యి చాచింది. "నోటు?"

ఆయన ఫైలు తెరిచి ఇచ్చారు. ఆవిడ పైకి చదివింది. "పన్ను వద్దు." కాగితం తిరగేసి వెనక చూసింది. ఇంకేమీ లేదు.

భార్య నోరు తెరిచి ఆయనకేసి చూసింది. "మీరు రాసిందా ఇది?"

"నీ కొట్టు... పద్దెనిమిదేళ్ళు కదా" అన్నారాయన.

"ఇన్నేళ్ళకి ఒక్క మాట గట్టిగా రాశారు. అదీ తప్పు రాశారు" అంది ఆవిడ. కోపంగానే అంది కానీ, ఆయన భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

గుమాస్తా గారు కలం తీసి, కాలు కుర్చీ మీదే ఉంచి, వంగి, రాసింది కొట్టేశారు. దాని కింద, "పన్ను వేయవచ్చు. అయితే, ముందు పంపు" అని రాశారు. కమిషనరమ్మ కింద సంతకం పెట్టింది. ఆయన్ని నలుగురు కుర్చీతో సహా ఎత్తి ఆస్పత్రికి తీసుకుపోగానే, చీమలు వెనక్కి తిరిగి బల్ల ఎక్కాయి. పళ్ళ బొమ్మల సీసాకి పదకొండు బారులు. టై మనిషి దువ్వెనతో తల దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

పంపు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తరవాతే పన్ను వచ్చింది. రంగు సోడా తాగేవాళ్ళు తాగుతూనే ఉన్నారు, కాకపోతే రోజూ తాగినవాళ్ళు వారానికి రెండుసార్లకి దిగారు. ఆవిడ కొట్లో ఒక ఫ్రిజ్జు అమ్మేసి, ఆ చోట ఉడికించిన గుడ్లు, పళ్ళు, రొట్టె పెట్టింది. మొదట్లో ఈగలు తప్ప ఎవరూ రాలేదు. ఆ నెలల్లో తమ్ముడితో మాట్లాడినప్పుడల్లా పన్నుని తిట్టేది, పన్ను వెయ్యమన్నది తనే అని గుర్తు చేస్తే ఇంకా తిట్టేది. తరవాత పంపు దగ్గర నీళ్ళు తాగి, కాసేపు నీడన కూర్చునేవాళ్ళకి ఆకలి తెలియడం మొదలైంది. ఎవరైనా గుడ్డు కొంటే, "ముందు బూటు విప్పు" అనేది. ఆదివారాలు ఆవిడ తమ్ముడు కారు ఇంటి దగ్గరే వదిలేసి, బస్టాండులో పీట వేసుకుని కూర్చుని పాదాలు చూసేవాడు. బట్టతలాయన కూడా ఒకరోజు సిగ్గుపడుతూ వచ్చి కాలు చాచాడు. ఆవిడ అటు తిరిగి కూర్చుంది కానీ, పీట మాత్రం కాలితో అతనివైపు తోసింది. మర్నాడు అతని ఫ్రిజ్జు గోడవైపు తిరిగి ఉంది.

ఆస్పత్రి నుంచి రాగానే గుమాస్తా గారికి ఇంట్లో శిక్ష పడింది. వారానికోసారి ఆఫీసు తెరవగానే, ఆవిడ ఆయన్ని కింది హాలుకి తీసుకొచ్చి, బూట్లూ మేజోళ్ళూ విప్పించి కూర్చోబెట్టేది. బంట్రోతు బల్ల తట్టేవాడు. మొదటి వారం ఇరవై ఆరు బారులు. తరవాత పంతొమ్మిది. తరవాత పదకొండు. నాలుగో వారం పధ్నాలుగుకి పెరిగింది. ఆవిడ ఏమీ అనకుండా నేరుగా పై అంతస్తుకి వెళ్ళి, ఆయన బల్ల సొరుగులో, పెరటిగోడ ఫైలు వెనక దాచిన కేకు ముక్క తెచ్చి బుట్టలో వేసింది. మళ్ళీ లెక్క దిగింది. ఆరు. రెండు.

మానిన పాదం మీద మచ్చ మిగిలింది. స్పర్శ మాత్రం రాలేదు. డాక్టరు ప్రతి ఆదివారం గోటితో నొక్కి, "తెలిసిందా?" అనేవాడు. "ఒకవైపు..." అనేవారు గుమాస్తా గారు. "తెలీలేదన్నమాట" అనేవాడు డాక్టరు.

వానలు మొదలైన వారం బంట్రోతు బల్ల తట్టాడు. గోడలోంచి ఏమీ రాలేదు. మళ్ళీ తట్టాడు. చివరికి ఒకే ఒక్క చీమ దిగింది. తొందరేమీ లేనట్టు హాలంతా దాటి, గుమాస్తా గారి ఎడమ పాదం ఎక్కి, బొటనవేలి దగ్గర కాసేపు వాసన చూసి, ఇక్కడ తనకేం పని లేదని తేల్చుకున్నట్టు పాదం మీదుగా అవతలికి నడిచింది.

గుమాస్తా గారు చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నారు.

"ఏమైందండీ?" అంది భార్య.

"కితకితలు" అన్నారాయన.

ఆవిడ నేల మీద కూలబడింది. "ఏదీ, మళ్ళీ చెప్పండి."

"కితకితలే. పాదం మీద. అదిగో, అది నడిచిన చోటంతా."

బంట్రోతు ఎప్పట్లాగే చిటికెడు పంచదార తీసి వంగబోయాడు. ఆవిడ అతని చేతిలోంచి డబ్బా లాక్కుని, మొత్తం ఆ ఒక్క చీమ ముందే గుమ్మరించింది.